గుడారంలో ఆడమనిషి

తిరుపాలు పాస్‌పోర్టులో మగ అని రాసి ఉంటుంది. ఉండనివ్వండి, రాసినవాళ్ళ తెలివి వాళ్ళది. ఈ కథ చెప్పేది నేను కనుక నాకు తెలిసినట్టే చెబుతాను. ఆమె రాయచోటి దగ్గర పల్లెలో పుట్టింది. కతార్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తుంది. ఊళ్ళో అన్న పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా వీసా రెన్యూ చేయించుకుని తప్పించుకుంటూ వచ్చింది. ఇప్పుడు అన్న ఆ మాట ఎత్తడం కూడా మానేశాడు.

ఆమెకు బాధ ఉందా అంటే, ఉందని చెప్పలేను. బాధ ఉన్నవాళ్ళకి ముద్ద దిగదు, కంటికి కునుకు రాదు. తిరుపాలు వేళకి తినేది, పడుకోగానే నిద్రపోయేది. ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా మామా అంటారు. ఆ మామా కోప్పడినా, పండక్కి కొత్త చొక్కా పెట్టినా తిరుపాలు మొహం ఒకేలా ఉండేది. చాలాసేపు మఠం వేసుకు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, కాలు ఉందని తెలుస్తుంది గానీ మనదనిపించదు. ఆమెకు ఒళ్ళంతా అలా ఉండేది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అంతే గనుక, మనుషులందరికీ ఇలాగే ఉంటుందేమో అనుకునేది.

చలికాలం వచ్చిందంటే దోహాలో అరబ్బులకి ఇంట్లో కాలు నిలవదు. సీలైన్ దగ్గర ఇసుకదిబ్బల్లో గుడారాలు వేస్తారు. తివాచీలు, సోఫాలు, జనరేటరు, టీవీ, చివరికి అద్దం బిగించిన చెక్కబీరువాతో సహా ఇల్లంతా మోసుకొచ్చి ఇసుకలో పెట్టుకుని, అబ్బ, ఎంత సాదాగా బతుకుతున్నామో అని మురిసిపోతారు. ఆ సాదా బతుక్కి వారమంతా కాపలా ఒకరు కావాలి కదా. ఇంట్లో ఇంకో డ్రైవరున్నాడు. అందుకని తిరుపాలుకి చలికాలమంతా గుడారం డ్యూటీ పడింది. మామాకి మోకాళ్ళ నొప్పులు, ఎడారిలో పడక పడదు. కుటుంబం శుక్రవారం జుమ్మా నమాజు ముగిశాక వచ్చి, రాత్రికి వెళ్ళిపోయేది. మిగతా రోజులన్నీ తిరుపాలు, ఇసుక, గాలి.

ఏషియన్ టౌన్‌లో ఆమె ఒక నైటీ కొంది. నీలం పువ్వులది. కొట్టువాడు భార్యకా అని అడిగితే అవునంది. గుడారంలో ఒంటరిగా ఉన్నప్పుడు అది వేసుకుని టీ కాచుకునేది, పాత్రలు తోముకునేది. వేసుకుంటే ఏదో జరుగుతుందని చిన్నప్పట్నుంచీ అనుకుంది. ఏమీ జరగలేదు. ఒంటికి హాయిగా ఉంది, అంతవరకే.

ఒకరోజు దాన్ని ఉతికి గుడారం తాడు మీదే ఆరేసింది. ఆలోచించి చేసిన పని కాదు, అన్ని బట్టలతో పాటు అదీ ఆరేసింది. నీళ్ళ ట్యాంకరు తోలే పఠాను ప్రతిసారీ తిన్నగా గుడారం ముందు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి కబుర్లు చెప్పి పోయేవాడు. ఆ రోజు దూరాన్నే ఆపేశాడు. ఆడవాళ్ళ బట్టలు ఆరేసిన గుడారం దగ్గరికి పరాయి మగవాడు పోకూడదని అక్కడి మర్యాద. రెండుసార్లు హారన్ కొట్టాడు, గుడారానికి వీపు పెట్టి నిలబడ్డాడు, గొట్టం వెనకనుంచి తీసి తలవంచుకుని నీళ్ళు పట్టి వెళ్ళిపోయాడు.

తెర వెనక నుంచి తిరుపాలు అంతా చూసింది. లోపల ఆడమనిషి ఉందని ఒక మగవాడు మొహం తిప్పుకున్నాడు. అది తనకోసమే. ఇప్పుడైనా ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకుని కాసేపు ఆగింది, అనిపించలేదు. అయినా మర్నాడు నైటీ మళ్ళీ ఉతికింది. మాసిందని కాదు, ఊరికే ఉతికింది.

ఆ శుక్రవారం పొద్దున్నే ముగ్గురు వచ్చారు. పాత కారొకటి గట్టినేల మీద ఆపి, సంచులు భుజాన వేసుకుని, ఇసుకలో నడుచుకుంటూ వచ్చారు. ముగ్గురూ ప్యాంట్లు, చొక్కాలు వేసుకున్నవాళ్ళే. అందరికంటే పెద్దావిడ, తల నెరిసినది, తాడుకి కాస్త దూరంలో ఆగి నైటీ వంక చూసింది.

“ఎవురమ్మా లోపల?” అని తెలుగులో కేకేసింది.

తిరుపాలు గబగబా ప్యాంటు వేసుకుని బయటికొచ్చింది.

“ఎవురూ లేరు ప్పా. నేను డ్రైవర్ని.”

“మరి ఆ నైటీ?”

“పనామెది.”

“ఆయమ్మ యాడ?”

“పొయ్యింది.”

పెద్దావిడ నవ్వలేదు. ఇంటివాళ్ళు లేకుండా అరబ్బు గుడారానికి పనామెని ఒక్కదాన్నే ఎవరూ పంపరని ఆమెకూ తెలుసు, తిరుపాలుకీ తెలుసు. అబద్ధం ఇద్దరి మధ్యా అలా నిలబడి ఉంది.

“సరే ప్పా,” అంది పెద్దావిడ. “ఆయమ్మ వస్తే చెప్పు. మేం ఆ దిబ్బ అవతల ఉంటాం. ప్రతి శుక్రవారం వస్తాం, జుమ్మా లోపల పోతాం. రమ్మన్న్యామని చెప్పు.”

వాళ్ళు వెళ్ళాక తిరుపాలు టీ పెట్టుకుంది. అది తాగకుండానే దిబ్బ ఎక్కింది. అవతల పల్లంలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఒకరు చీర, ఇద్దరు చుడీదార్లు. ఇందాకటి ప్యాంట్లు మడిచి సంచుల మీద పెట్టి ఉన్నాయి. పెద్ద అల్యూమినియం పళ్ళెంలో చీరామె కూర్చుంటే మిగతా ఇద్దరూ వెనకనుంచి తోశారు. దిబ్బ మీదినుంచి కింద దాకా జారి, బోర్లాపడి, నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ అమ్మనా బూతులు తిట్టింది. తక్కిన ఇద్దరూ పడీపడీ నవ్వారు. తిరుపాలు చూసినంతసేపు చూసి దిగి వచ్చేసింది. ఆ వారమంతా మాటిమాటికీ ఆ పళ్ళెం గుర్తొచ్చింది.

పై శుక్రవారం నైటీ తాడు మీద లేదు, ఒంటి మీద ఉంది. దిబ్బ మీద నిలబడ్డ తిరుపాలుని చూసి పెద్దావిడ పల్లంలోంచి అరిచింది.

“పనామె వచ్చిందా?”

“వచ్చింది,” అంది తిరుపాలు.

“అయితే రా మ్మే, ఉగ్గాని చల్లారిపోతాంది.”

కడప జిల్లాలో మగవాణ్ణి ప్పా అంటారు, ఆడదాన్ని మ్మే అంటారు. ఇన్నేళ్ళలో తిరుపాలుని మ్మే అన్నది ఆవిడొక్కతే. తిరుపాలు దిగి వెళ్ళి ఆ బొరుగుల ఉగ్గాని తింది. ఉప్పు తక్కువైంది, ఆ మాటే చెప్పింది. అది విని అందరూ నవ్వారు.

పెద్దావిడ పేరు మాబున్నీసా. ప్రొద్దుటూరు మనిషి. దోహా నజ్మా ప్రాంతంలో ఒక టైలర్ షాపులో ఆమె పేరు అబ్దుల్ ఖాదర్. చీర కట్టుకుని పళ్ళెంలోంచి పడ్డది ఫెబి, రాజమండ్రి వైపు. కంపెనీ ఆఫీసులో జెర్రీ అంటారు. ఐన్ ఖాలిద్‌లో అన్నావదినల దగ్గర ఉంటుంది. కారు ఆమెదే. మూడో ఆమె ఆబిదా, కరీంనగర్ నుంచి వచ్చి క్లీనింగ్ కంపెనీలో పనిచేస్తుంది. క్యాంప్‌లో ఒక గదికి ఎనిమిది మంది. ఆ పిల్లకి గాజులేసుకోవడానికి బాత్రూం కూడా లేదు, బయట లైనులో ఉన్నవాళ్ళు తలుపు బాదుతుంటారు.

“ఎండకాలంల ఏడికి పోతమక్కా?” అనేది ఆబిదా. “ఇసుక మీద కాలు వెడితె పాపడమే. మాల్‌ల కెమెరాలు. మాకు చలికాలమొస్తెనే బతుకు. మా అమ్మకు గల్ఫంత దుబాయే, దుబాయ్‌ల చలేందే, అబద్ధాలాడుతున్నవ్ అంటది.”

పట్టుబడితే ఏమవుతుందో నలుగురికీ తెలుసు. జైలు, ఆపైన ఇంటికి పంపేస్తారు. ఇంటికి పోవడం జైలు కంటే ఎక్కువ భయం ఫెబికి. అందుకని ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నైటీ తాడు మీద ఉంటే గుడారంలో అరబ్బులెవరూ లేరని, రావచ్చని గుర్తు పెట్టుకున్నారు. వచ్చి చలిమంట వేసుకునేవాళ్ళు, వంట చేసుకునేవాళ్ళు, దిబ్బలెక్కి దూరంగా సముద్రం కనిపించేదాకా నడిచేవాళ్ళు. పళ్ళెంలో జారే పందేలు. మాబున్నీసాకి నడుంనొప్పి, అయినా రెండుసార్లు జారేది, తర్వాత అందరి చేతా నడుం పట్టించుకునేది.

తిరుపాలు కూడా జారింది. మోచెయ్యి గీరుకుపోయింది. అందరూ నవ్వితే, నవ్వాలని గుర్తొచ్చి తనూ నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా. వాళ్ళు అది కనిపెట్టి ఏడిపించేవాళ్ళు. “తిరపతి నుంచి రావాలండీ ఈవిడ నవ్వు, ఇంకా బస్సు దిగలేదు,” అనేది ఫెబి. ఒకటి మాత్రం నిజం. శనివారం పొద్దున లేస్తూనే మళ్ళీ శుక్రవారం ఎప్పుడా అని చూసేది. అది ఇష్టమని ఆమెకు తెలియలేదు. అలవాటనుకుంది.

అందరూ ఆమెను మ్మే అనీ అక్కా అనీ పిలిచేవాళ్ళు గానీ పేరు పెట్టి పిలవలేదు. పేరు మనంతట మనం పెట్టుకునేది కాదని మాబున్నీసా చెప్పింది. ఆమెకు ప్రొద్దుటూరులో ఒక గురువమ్మ ఉండేది. బిడ్డగా తీసుకునే రోజున పెద్దది తన కొంగు చిన్నదాని తలమీద కప్పి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తుంది. చిన్నది పలకాలి. పలికితే ఆ రోజునుంచి తల్లీబిడ్డలు. ఫెబికీ ఆబిదాకీ ఈ ఇసుకలోనే మాబున్నీసా అలా పేర్లు పెట్టింది.

“నీకు ఏం పేరు కావాల మ్మే?”

“మా అవ్వ పేరు,” అంది తిరుపాలు. “ఆంజనమ్మ.”

“అయితే కూచ్చో.”

“ఇంకో వారం,” అంది తిరుపాలు. ఆ ఇంకో వారం అనడం చలికాలం సగమయ్యేదాకా సాగింది. సిగ్గనుకుని వాళ్ళు బలవంతపెట్టలేదు. అది సిగ్గు కాదు. ఆ పేరుతో తనను పిలిచినా ఏమీ అనిపించకపోతే? నైటీ వేసుకున్నప్పుడు ఏమీ కాలేదు, పఠాను మొహం తిప్పుకున్నప్పుడూ కాలేదు. ఇదీ అంతే అయితే ఇక తనకు మిగిలేదేమీ ఉండదు. పిలిపించుకోనంత కాలం ఆశ ఉంటుంది. ఆమెకున్న భయమల్లా అదొక్కటే, అది పోలీసుల భయం కంటే పెద్దది.

చలి విరుగుతూండగా మాబున్నీసా చెప్పింది, షాపు మూసేస్తున్నారని, వీసా ఇచ్చిన కఫీలు దాన్ని క్యాన్సిల్ చేశాడని. పై వారంలో విమానం. మళ్ళీ రావడం ఉండదు.

“వచ్చే శుక్రవారం ఒగటే మిగిలింది,” అంది. “ఈ పిల్లలు నీకంటే చిన్నోళ్ళు, నీకు తల్లులు కాలేరు. నాకైతే అయ్యేది ఆ ఒగనాడే. కావాలంటే అయితాను, ఒద్దంటే లేదు మ్మే.”

“కావాల,” అంది తిరుపాలు.

ఆ శుక్రవారం గాలి ఎక్కువగా ఉండి ఇసుక కొడుతోందని పల్లంలో కాకుండా గుడారంలోనే కూర్చున్నారు. మాబున్నీసా తిరుపాలుకి ఆకుపచ్చ జాకెట్టు కుట్టుకొచ్చింది, కొలత తియ్యకుండానే సరిపోయింది. ఫెబి తన చీరే ఆమెకు కట్టింది. కుచ్చిళ్ళు నిలవక ఆబిదా మోకాళ్ళ మీద కూర్చుని సర్దింది. నైటీ, రెండు చున్నీలు బయట తాడు మీద గాలికి కొట్టుకుంటున్నాయి. అరబ్బుల తివాచీ మీద మాబున్నీసా, ఎదురుగా తిరుపాలు.

ఆ రోజు చీర కట్టుకున్న మాబున్నీసా తన కొంగు తీసి ఆమె తలమీద కప్పింది.

“ఆంజనమ్మా.”

తిరుపాలు తలవంచుకుని కూర్చుంది. గొంతులో ఏమీ లేదు. తివాచీ మీది ఎర్ర పువ్వు కనిపిస్తోంది. భయపడ్డంతా అయ్యిందనుకుంది.

అప్పుడే హారన్ వినిపించింది.

ఆబిదా తెర సందులోంచి చూసి వెనక్కి తగ్గింది. రెండు ల్యాండ్‌క్రూజర్లు. ముందుది తల్హాది, మామా పెద్దకొడుకు. స్నేహితులతో బండ్లు దిబ్బలెక్కించడానికి పొద్దున్నే బయల్దేరి, కాఫీకి గుడారం వైపు తిప్పినట్టుంది. వెనక దారి లేదు, చుట్టూ బట్టబయలు ఇసుక. ఫెబి చేతులు జోడించి పెదవులు కదుపుతోంది. తిరుపాలు లేవబోయింది గానీ ఎక్కడికి పోవాలో తెలియలేదు. ఒంటిమీద చీర, తలమీద కొంగు.

బండ్లు దగ్గరికి రాలేదు. తాడు మీది బట్టలు చూసి తల్హా దూరాన్నే ఆపేశాడు. తన ఇంటి ఆడవాళ్ళున్న చోటికి స్నేహితుల్ని ఎలా తీసుకొస్తాడు? ఇంకోసారి హారన్ కొట్టి, ఎవరూ బయటికి రాకపోతే బండి తిప్పాడు. వెనకబండి కూడా తిరిగింది. రెండూ సముద్రం వైపు పోయాయి.

ఎవరూ మాట్లాడకముందే తిరుపాలు ఫోను మోగింది. మామా. ఆమె గొంతు పెద్దది, ఫోనులోంచి గుడారమంతా వినబడుతుంది. తల్హా ఫోన్ చేశాడట. నేను ఇంట్లో ఉన్నాను, నా కూతుళ్ళు ఇంట్లో ఉన్నారు, పనివాళ్ళు వంటింట్లో ఉన్నారు. నా గుడారంలో ఆడమనిషి ఎవరు తిరుపాలూ అని అడిగింది.

తిరుపాలు ముగ్గురి మొహాలూ చూసింది. ఆబిదా ఫెబి చెయ్యి పట్టుకుని ఉంది.

“మాఫీ హురమా, మామా,” అంది, డ్రైవర్ల అరబ్బీలో. “అనా బస్.” ఆడమనిషి ఎవరూ లేరు, నేనొక్కణ్ణే అని. తాడు మీదివి కారు తుడిచే గుడ్డలని, ఏషియన్ టౌన్‌లో చవగ్గా దొరుకుతాయని, ఉతికి ఆరేశానని చెప్పింది. అలా చెప్పడం ఆమెకు చిన్నప్పట్నుంచీ వచ్చిన పనే.

మామా నవ్వింది. కొడుకుకి కళ్ళు పోయాయంది. జుమ్మా అయ్యాక వస్తాం, ఆ గుడ్డలు తీసిపారెయ్, గహ్వా కాఫీ సిద్ధం చేసిపెట్టు, రేపు గుడారం విప్పేద్దాం అని పెట్టేసింది.

తిరుపాలు తలమీది కొంగు తీసి మాబున్నీసా భుజం మీద వేసేసి లేచి నిలబడింది.

“ఇంక ఒద్దులేమ్మా,” అంది. “నా నోటితో నేనే చెప్పినా గదా. ఈడ ఆడమనిషే లేదని. మీ ముందరే చెప్పినా. ఇంగ ఏం పిలుస్తావు నువ్వు, ఎవుర్ని పిలుస్తావు?”

“కూచ్చో,” అంది మాబున్నీసా.

“మీరు పోండి. వాళ్ళొస్తారు.”

“జుమ్మాకి టైముండాది. కూచ్చో మ్మే.”

తిరుపాలు కూర్చుంది.

“ఏమే ఫెబీ, నువ్వు చెప్పలేదా ఆ మాట?”

“ఈరోజు సాయంత్రమే చెప్తానమ్మా,” అంది ఫెబి. “ఇక్కడ చర్చి శుక్రవారమే కదండీ, బ్రదర్ జెర్రీ అని పిలుస్తారు. ఆయ్, వచ్చానండీ అంటాను. ప్రతి వారం అంటాను.”

“నేనైతె క్యాంప్‌ల రోజు చెప్పుడే,” అంది ఆబిదా. “గదిలోల్లు ఆడోల్ల ముచ్చట్లు వెడతరు. నేను గూడ నవ్వుత. మగోని లెక్క నవ్వుడు నేర్చుకున్న అక్కా.”

మాబున్నీసా కొంగు సరిచేసుకుంటూ తివాచీ వైపు చూస్తూ చెప్పింది. “మా అమ్మ సచ్చిపొయినప్పుడు నేను ఈడినుంచి పొయినా. మట్టికి తీసకపోవాల, జనాజా లేపినారు. కొడుకు యాడ, కొడుకు రావల్ల అని అరిచినారు. ఆయమ్మకు కొడుకు లేడు, కూతురుండాది అని అనాలని నోటిదాకా వచ్చింది. అనలే. ఈడుండా అన్న్యా. పొయ్యి భుజం పట్టినా. ఆ మాట అన్న్యాననే మా అమ్మని మోసే భాగ్యం దొరికింది నాకు.”

ఫెబి కళ్ళు తుడుచుకుంది.

“మనం నలుగురం ఈడ కూచ్చుండేది ఆ మాట అనకుండా బతికినోళ్ళమని కాదు మ్మే. అందరం అన్న్యోళ్ళమే,” అంది మాబున్నీసా. “వాళ్ళకు చెప్పాల్సింది వాళ్ళకు చెప్పినావు, ఈ పిల్లోళ్ళని కాపాడినావు. బాగా చేసినావు. ఇప్పుడు అడిగేది నేను. నాకు చెప్పు.”

ఆమె కొంగు మళ్ళీ తిరుపాలు తలమీద కప్పి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

“ఈడ ఆడమనిషి ఎవురన్నా ఉండారా?”

తిరుపాలుకి ఛాతీలో నొప్పి పుట్టింది. మొదట గాలికి ఇసుక మింగానేమో అనుకుంది. అది గొంతులోకి వచ్చి అక్కడ నిలిచిపోయింది. దాన్ని ఏమంటారో ఆమెకు తెలియదు. చాలా నొప్పిగా ఉంది, పోతుందేమోనని భయమేసింది.

మాబున్నీసా తొందరపెట్టలేదు. బయట తాడు మీద బట్టలు కొట్టుకుంటున్నాయి. ఆబిదా ఒక పక్కనుంచి, ఫెబి ఇంకో పక్కనుంచి దగ్గరికి జరిగి, కొంగు గాలికి జారకుండా చెరో అంచూ పట్టుకున్నారు.

“ఉండా మ్మా,” అంది ఆంజనమ్మ.